తలుపు పక్కన మడత సీటు

విమానం రన్‌వే మీద పరుగందుకునే ముందు, లైట్లు తగ్గించాక, తలుపు పక్కన మడత సీటులో కూర్చున్న ఎయిర్ హోస్టెస్‌ను ఒకసారి గమనించండి. భుజాల మీదుగా వచ్చే బెల్టు బిగించుకుని, వీపు సీటుకు పూర్తిగా ఆనించి, పాదాలు రెండూ నేలకు తాకించి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ముఖంలో నవ్వు ఉండదు. ఎక్కేటప్పుడు నమస్కారం పెట్టిన మనిషేనా ఈమె అనిపిస్తుంది. కొందరు పొగరనుకుంటారు కూడా.

ఆ అర నిమిషం ఆమె తనకు తాను పాఠం అప్పజెప్పుకుంటోంది. దాన్ని సైలెంట్ రివ్యూ అంటారు. ఇది ఏ మోడల్ విమానం, ఈ తలుపు హ్యాండిల్ ఎటు తిరుగుతుంది, స్లైడ్ (ఆపదలో జారి దిగే గాలి జారుడుబల్ల) ఆర్మ్ అయి ఉందా, అంటే తలుపు తీయగానే ఉబ్బేలా సిద్ధంగా ఉందా, ఈ తలుపు బయట మంట ఉంటే జనాన్ని ఏ తలుపుకు మళ్లించాలి, నీళ్లలో దిగితే ఏం మారుతుంది, వీల్‌చెయిర్‌లో వచ్చిన పెద్దాయన ఏ వరసలో ఉన్నాడు, ఎదుటి వరసల్లో సాయానికి పనికొచ్చే బలమైన మనిషి ఎవరు, దెబ్బ తగిలిన మరుక్షణం నోటి నుంచి రావాల్సిన మొదటి మాట ఏది. ప్రతి టేకాఫ్‌కూ ప్రతి ల్యాండింగ్‌కూ ఇదే. దేశంలోపల రోజుకు నాలుగు ట్రిప్పులు పడితే ఎనిమిది సార్లు. లైట్లు తగ్గించేది, కిటికీ రెక్కలు పైకి తీయమనేది కూడా ఇందుకే: కళ్లు చీకటికి అలవాటు పడి ఉండాలి, బయట మంట ఏ వైపు ఉందో లోపల్నుంచే కనపడాలి.

టీ, భోజనం ట్రే కంపెనీ పెట్టుకున్న మర్యాద. చట్టం ఆ మనిషిని విమానంలో ఉంచింది తలుపు కోసం. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం పెద్ద విమానాల్లో 50 సీట్లకు ఒకరి చొప్పున ఉండాలి. 180 సీట్ల ఎయిర్‌బస్ 320లో నలుగురు కనపడేది ఆ లెక్కనే. ఒకరు తగ్గితే, టికెట్లన్నీ అమ్ముడుపోయినా అంతమందినీ ఎక్కించుకుని కదలడానికి వీల్లేదు.

తలుపు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ప్రతి పెద్ద తలుపు అడుగున గాలి స్లైడ్ మడతపెట్టి ఉంటుంది. దాని ఒక చివర గర్ట్ బార్ అనే లోహపు కడ్డీకి కట్టి ఉంటుంది. బోయింగ్ 737లో తలుపు మూశాక, ఎయిర్ హోస్టెస్ వంగి ఆ కడ్డీని చేత్తో తీసి నేలమీది కొక్కేల్లో తగిలించాలి, ఆర్మ్ చేయడం అంటే ఇదే. తగిలించినట్టు గుర్తుగా తలుపు అద్దానికి అడ్డంగా ఎర్ర పట్టీ పెట్టాలి. ఎయిర్‌బస్ 320లో ఇదే పని ఒక చిన్న లివర్ చేస్తుంది. తన తలుపు అయ్యాక ఎదుటి తలుపును కూడా చూసి సరేననాలి. మైకులో వినపడే ‘క్రాస్ చెక్’ అదే.

ఇక్కడ తప్పు రెండు రకాలుగా జరుగుతుంది. దిగాక డిజార్మ్ చేయడం మరచి తలుపు తీస్తే స్లైడ్ పేలినట్టుగా బయటికి తన్నుకొచ్చి సుమారు 6 సెకన్లలో ఉబ్బుతుంది. అవతల నిచ్చెన మీద మనిషి ఉంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఎవరికీ ఏమీ కాకపోయినా స్లైడ్ మార్చేదాకా ఆ విమానం మామూలుగా తిరగదు. ఎయిర్‌బస్ 320లో దీనికి ఒక హెచ్చరిక ఉంది: ఆర్మ్ అయి ఉండగా హ్యాండిల్ కాస్త పైకి లేపితే అద్దం కింద తెల్ల దీపం వెలుగుతుంది, అప్పటికైనా చెయ్యి ఆగాలి. రెండో తప్పు దీనికి తలకిందులు. బయల్దేరేటప్పుడు ఆర్మ్ చేయకపోతే ఆపదలో తలుపు తెరుచుకుంటుంది, స్లైడ్ రాదు. కింద పదకొండు అడుగుల లోతు, వెనక నుంచి తోసుకొస్తున్న జనం. రోజూ చేసే పనిలోనే చెయ్యి అలవాటుగా పోయి బుర్ర వెనకపడుతుంది గనుక, శిక్షణలో ఈ ఒక్క కదలికను నోటితో పైకి చెబుతూ చేయిస్తారు.

ఆపదలో తలుపు తీసేముందు అద్దంలోంచి చూడాలి. మంట, నీళ్లు, ఇనుప తుక్కు ఏదీ లేకపోతేనే తెరవాలి. తెరిచాక స్లైడ్ దానంతట అది ఉబ్బకపోతే ఎర్ర హ్యాండిల్ లాగాలి. ఆ వెంటనే ఆమె తలుపు చట్రానికున్న పట్టీని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని గోడకు అతుక్కుపోవాలి. అలా పట్టుకోకపోతే మొదట కిందపడేది ఆమే. ఆమె పడితే ఆ తలుపుకు దిక్కులేదు. మిగిలిన చేత్తో జనాన్ని తోయాలి. అవును, తోయాలి. స్లైడ్ అంచున నిలబడి కిందికి చూసి బిగుసుకుపోయేవాళ్లు ఉంటారు, వాళ్లకు నచ్చజెప్పే టైము ఉండదు. అందుకే చిన్న చిన్న మాటలు, గొంతు చించుకుని: బెల్టు విప్పండి, సామాను వదలండి, ఇటు రండి, దూకండి. కూర్చుని జారబోతే వెనక వరస ఆగిపోతుంది, అందుకని దూకమనే అరుస్తారు.

కొత్త విమానానికి అనుమతి ఇవ్వాలంటే చీకట్లో, సగం తలుపులు మాత్రమే వాడి, నిండు విమానాన్ని 90 సెకన్లలో ఖాళీ చేయగలమని చూపించాలి. ఆ అంకె ఎంత బిగుతైనదో 1983 జూన్ 2న సిన్సినాటిలో తేలింది. ఎయిర్ కెనడా 797 విమానంలో వెనక టాయిలెట్ వైపు నుంచి పొగ మొదలైంది. ఎయిర్ హోస్టెస్‌లు ప్రయాణికులను ముందు వరసలకు మార్చి, తువ్వాళ్లు తడిపి పంచి, ముక్కు నోరు కప్పుకోమన్నారు. విమానం క్షేమంగానే నేలకు దిగింది. తలుపులు తెరుచుకోగానే గాలి లోపలికి పోయి నిమిషం, నిమిషంన్నరలో లోపలంతా ఒక్కసారిగా అంటుకుంది. 46 మందిలో 23 మంది చనిపోయారు. ఇవాళ టాయిలెట్‌లో పొగ పసిగట్టే పరికరం, నేలమీద దారి చూపే లైట్ల వరస ఉన్నాయంటే ఆ ప్రమాదం తర్వాత వచ్చినవే. టాయిలెట్‌లో సిగరెట్ వెలిగించేవాళ్ల మీద సిబ్బందికి అంత కోపం ఎందుకో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

పని సరిగ్గా జరిగితే ఎలా ఉంటుందో టోక్యో హనేదాలో 2024 జనవరి 2న లోకమంతా చూసింది. జపాన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ 350 దిగుతూ రన్‌వే మీదున్న కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొంది. కోస్ట్ గార్డ్ విమానంలోని ఆరుగురిలో ఐదుగురు పోయారు. పెద్ద విమానంలో 367 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది. మైకు వ్యవస్థ పనిచేయలేదు. ఎనిమిది తలుపుల్లో వాడదగ్గవి మూడే మిగిలాయి: ముందు రెండు, వెనక ఎడమది ఒకటి. వెనకున్నవాళ్లకు కాక్‌పిట్ నుంచి మాట అందే దారి లేదు. మంట ఎటుందో తామే చూసుకుని, తమ నిర్ణయంతోనే ఆ తలుపు తెరిచారు. మెగాఫోన్లతో, ఒట్టి గొంతులతో 367 మందినీ దించారు. ఆదేశం రాకపోయినా ఖాళీ చేయించే అధికారం ఎప్పుడెప్పుడు వస్తుందో (మంట, దట్టమైన పొగ, విరిగిన బాడీ, నీళ్లు) ప్రతి ఎయిర్ హోస్టెస్‌కూ కంఠతా ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ జాబితాకు విలువ కనపడదు.

అన్ని తలుపుల దగ్గరా కథ అలా ముగియలేదు.

1968 ఏప్రిల్ 8. లండన్ హీత్రో నుంచి బ్రిటిష్ సంస్థ బీఓఏసీ వారి 712 విమానం బయల్దేరింది. గాల్లోకి లేచిన కాసేపటికే ఎడమవైపు ఇంజిన్ ఒకటి బద్దలై, అంటుకుని, ఊడి కిందపడింది. కెప్టెన్ మూడున్నర నిమిషాల్లో విమానాన్ని వెనక్కి తిప్పి దించాడు. వెనక తలుపు దగ్గర ఉన్నది బార్బరా జేన్ హారిసన్, వయసు 22, తోడుగా ఒక స్టూవార్డ్. తలుపు తీశారు, స్లైడ్ ఉబ్బుతూ మెలిపడిపోయింది. దాన్ని సరిచేయడానికి స్టూవార్డ్ కిందికి దిగాడు. దిగినవాడు మళ్లీ పైకి ఎక్కలేడు. పైన ఆమె ఒక్కతే. స్లైడ్ సరయ్యాక కొందరిని దింపింది. ఆ తర్వాత మంటకు స్లైడ్ పేలిపోయింది. అప్పటికీ ఆమె తలుపు వదల్లేదు. కొందరిని దూకమంది, వెనకాడినవాళ్లను తోసింది, మిగిలినవాళ్లను వేరే తలుపు వైపు పంపింది. ఆమె కూడా దూకబోతోందనే కింద ఉన్నవాళ్లు అనుకున్నారు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లింది. చివరి వరసల్లో నడవలేని ఒక వృద్ధురాలు మిగిలిపోయింది. ఇద్దరి మృతదేహాలూ దగ్గర దగ్గరగా దొరికాయి. 127 మందిలో ఆమెతో కలిపి ఐదుగురే చనిపోయారు. 1969లో ఆమెకు బ్రిటన్ సాహస పురస్కారం జార్జ్ క్రాస్ ప్రకటించారు.

ఈ ఘటనలో నాకు ముఖ్యంగా తోచేది మెలిపడిన స్లైడ్. ధైర్యం గురించి చాలా రాస్తారు గానీ ఆమె ఒంటరి కావడానికి కారణం ఒక రబ్బరు గుడ్డ మడత. ఈ ఉద్యోగంలో త్యాగం చాలాసార్లు అలాంటి చిన్న యంత్ర లోపం దగ్గర మొదలవుతుంది, దాన్ని ఎవరో ఒకరు ఒంటితో పూడ్చాల్సి వస్తుంది.

నీర్జా భనోత్ పేరు మన దేశంలో తెలియనివాళ్లు తక్కువ. అయినా ఆమె చేసిన పనిలో పనితనం ఎంతుందో అంతగా చెప్పుకోరు. 1986 సెప్టెంబర్ 5న బొంబాయి నుంచి న్యూయార్క్ వెళ్లే పాన్ యామ్ 73 కరాచీలో ఆగి ఉంది. విమానాశ్రయ భద్రతా సిబ్బంది దుస్తుల్లో సాయుధులు ఎక్కారు. నీర్జా ముందుగా చేసింది కాక్‌పిట్‌కు హెచ్చరిక అందించడం. ముగ్గురు పైలట్ సిబ్బందీ పైకప్పు తలుపులోంచి దిగి తప్పించుకున్నారు. దాన్ని పిరికితనం అనేవాళ్లకు విషయం తెలియదు: నడిపే మనిషి లేకపోతే ఆ బోయింగ్ 747 నేలమీదే ఉంటుంది, హైజాకర్లు ఎక్కడికీ తీసుకుపోలేరు. కానీ ఆ క్షణం నుంచి లోపలున్న వందలాది మందికీ పెద్దదిక్కు సీనియర్ పర్సర్, అంటే క్యాబిన్ సిబ్బందికి పెద్ద, 22 ఏళ్ల నీర్జాయే. పాస్‌పోర్టులు పోగుచేయమంటే, అమెరికన్లవి సీట్ల కింద, చెత్త గొట్టంలో దాచేశారు ఆమె, ఆమె తోటివాళ్లు. దాదాపు 17 గంటలు గడిచాక కరెంటు ఇచ్చే సహాయక ఇంజిన్ ఆగి లైట్లు పోయాయి, కాల్పులు మొదలయ్యాయి. నీర్జా తలుపు తెరిచింది. తలుపు దగ్గరున్న మనిషి ముందు తానే దూకేయవచ్చు, ఆమె జనాన్ని పంపుతూ నిలబడిపోయింది. రెండు రోజుల్లో ఆమెకు 23 నిండేవి. 1987లో అశోకచక్ర ఇచ్చారు, మహిళల్లో మొదటిసారి.

2001 సెప్టెంబర్ 11న అమెరికాలో హైజాక్ అయిన నాలుగు విమానాల్లో చనిపోయిన క్యాబిన్ సిబ్బంది 25 మంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 11లో ఎయిర్ హోస్టెస్ బెట్టీ ఆంగ్ వెనక వైపు ఫోన్ నుంచి కంపెనీ రిజర్వేషన్ ఆఫీసుకు ఫోన్ చేసి దాదాపు 25 నిమిషాలు మాట్లాడింది. కాక్‌పిట్ నుంచి జవాబు లేదని, ఇద్దరు సిబ్బందిని పొడిచారని, గాల్లో ఏదో ఘాటు వాసన ఉందని, హైజాకర్లు ఏ సీట్లలో కూర్చున్నవాళ్లో చెప్పింది. అదే విమానం నుంచి తోటి ఎయిర్ హోస్టెస్ ఎయిమీ స్వీనీ కూడా ఇంకో ఫోన్‌లో సమాచారం ఇచ్చింది. నేలమీదున్న వాళ్లు ఎవరు చేశారో అంత త్వరగా తేల్చగలిగారంటే ఆ సీటు నంబర్ల వల్లే. ఆ తర్వాత కాక్‌పిట్ తలుపులు తూటాలకూ లొంగనంత గట్టివి పెట్టారు. మంచిదే. అయితే ఆ తలుపుకు ఇవతల మిగిలేది ప్రయాణికులు, క్యాబిన్ సిబ్బంది మాత్రమే. పైలట్ బయటికి రావాల్సివస్తే నడవలో ట్రాలీ అడ్డంపెట్టి నిలబడేది కూడా ఎయిర్ హోస్టెస్సే.

ట్రాలీ అంటే గుర్తొచ్చింది. నిండా సర్దితే దాని బరువు 80 కిలోలు దాటుతుంది. గాల్లో విమానం ముక్కు రెండు మూడు డిగ్రీలు పైకే ఉంటుంది కాబట్టి ముందుకు తోసిన ప్రతిసారీ ఎత్తు ఎక్కించినట్టే. ఉన్నట్టుండి కుదుపులు వస్తే మొదట బ్రేకు తొక్కాలి, వేడి టీ జగ్గు నేలమీద పెట్టాలి, దగ్గర్లో ఖాళీ సీటుంటే అందులో, లేకపోతే నేలమీదే కూర్చుని సీటు కాళ్లు పట్టుకోవాలి. అమెరికా విమానయాన శాఖ లెక్కల్లో 2009 నుంచి 2022 దాకా కుదుపుల వల్ల తీవ్రంగా గాయపడినవాళ్లు 163 మంది, అందులో 129 మంది సిబ్బందే. బెల్టు గుర్తు వెలిగాక మనం కాఫీ అడిగితే ఆమె బెల్టు విప్పుకుని లేవాలి, సంగతి అంతే.

1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 243 విమానం పైకప్పు ముందు భాగం 24,000 అడుగుల ఎత్తులో ఊడిపోయింది. ఎయిర్ హోస్టెస్ క్లారబెల్ లాన్సింగ్ ఐదో వరస దగ్గర నిలబడి ఉంది. 37 ఏళ్ల సర్వీసు. ప్రయాణికులంతా బెల్టులు పెట్టుకుని ఉన్నారు, ఆ ప్రమాదంలో పోయింది ఆమె ఒక్కతే. తోటి ఎయిర్ హోస్టెస్ మిషెల్ హోండా, పైన ఆకాశం కనపడుతుండగా, నడవలో పాకుతూ ఒక్కొక్కరికీ ఎలా వంగి కూర్చోవాలో చెప్పింది.

ఇవి పేపర్లకెక్కిన త్యాగాలు. మెల్లగా తినేసినవి వేరే ఉన్నాయి. 1930 మే 15న ఎలెన్ చర్చ్ మొదటి మహిళా స్టూవర్డెస్‌గా డ్యూటీ ఎక్కినప్పుడే నర్సు అయి ఉండాలి, పెళ్లి కాకూడదు, బరువు 115 పౌండ్లు దాటకూడదు వంటి షరతులు ఉన్నాయి. మన ఎయిర్ ఇండియాలో 35 ఏళ్లకు రిటైర్మెంట్ ఉండేది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం దాల్చినా ఉద్యోగం పోయేది. అదే విమానంలో దాదాపు అదే పని చేసే మగ పర్సర్‌కు 58. నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం నిబంధనను కొట్టేసింది, అది భారతీయ స్త్రీత్వానికే అవమానం అంది. పెళ్లి నిబంధనను మాత్రం సమర్థించింది! చదివితే ఇప్పటికీ మింగుడు పడదు.

పొగ సంగతి ఇంకొకటి. అమెరికాలో రెండు గంటల లోపు ప్రయాణాల్లో సిగరెట్లు ఆపింది 1988లో, ఆరు గంటల లోపు 1990లో, అన్నిట్లో 2000లో. అంతకుముందు ఒక్క సిగరెట్టూ తాగని ఎయిర్ హోస్టెస్‌లు ఊపిరితిత్తుల జబ్బులతో మయామీ కోర్టుకెక్కారు. 1991లో వేసిన దావాకు 1997లో పొగాకు కంపెనీలు 30 కోట్ల డాలర్లతో పరిశోధన సంస్థ పెట్టడానికి ఒప్పుకున్నాయి. చేతికి డబ్బు రాలేదు, ఎవరికి వారు విడిగా దావా వేసుకునే హక్కు మిగిలింది. ఆకాశంలో రేడియేషన్ ఇప్పటికీ ఉంది: అమెరికా లెక్కల్లో విమాన సిబ్బందికి సగటున ఏడాదికి సుమారు 3 మిల్లీసీవర్టులు అదనం. 2018లో హార్వర్డ్ పరిశోధకులు 5,366 మంది ఫ్లైట్ అటెండెంట్లను పరిశీలిస్తే రొమ్ము, చర్మ క్యాన్సర్లు మామూలు జనంలో కంటే ఎక్కువగా కనపడ్డాయి. తేమ లేని పొడి గాలి, వేళకాని వేళ నిద్ర ఇవన్నీ అదనం.

1985 జూన్ 23న ఐర్లాండ్ దగ్గర సముద్రంలో కూలిన ఎయిర్ ఇండియా విమానం కనిష్కలో 329 మంది పోతే వాళ్లలో సిబ్బంది 22 మంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిర్ ఇండియా 171లో ఇద్దరు పైలట్లు, పది మంది క్యాబిన్ సిబ్బంది. అక్కడ ఎవరికీ ఏ తలుపూ తెరిచే వ్యవధి దొరకలేదు.

గౌరవం చూపాలనుకునే తెలుగు ప్రయాణికులకు, ముఖ్యంగా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలను ఎక్కించే వాళ్లకు, చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్టు, మందులు చిన్న సంచీలో పెట్టి ఒంటికి తగిలించండి. అప్పుడు పైనున్న బ్యాగు కోసం ఎవరూ చెయ్యి చాపరు. చెయ్యి చాపిన ఒక్కొక్కరి వెనకా వరస మొత్తం ఆగుతుంది, బ్యాగు చక్రాలు స్లైడ్‌ను చీలుస్తాయి. టేకాఫ్‌కు, ల్యాండింగ్‌కు చెప్పులు కాళ్లకే ఉండాలి. కూర్చోగానే తలుపు ఎన్ని వరసల అవతల ఉందో, సీట్ల తలలు తడుముతూ లెక్కపెట్టుకోమనండి, పొగలో కళ్లు పనిచేయవు. పవర్ బ్యాంక్ పెట్టెలో వేసి లగేజీకి పంపకండి. పక్కనే ఉండి పొగ వచ్చిందంటే సిబ్బంది హాలాన్ అనే మంటలార్పే వాయువుతో మంట ఆర్పి, ఆ తర్వాత నీళ్లు పోసి చల్లబరుస్తారు. హాలాన్ మంటనే ఆపుతుంది, బ్యాటరీ వేడిని తగ్గించలేదు, నీళ్లు లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. కింద లగేజీ గదిలో అంటుకుంటే అక్కడికి ఎవరూ వెళ్లలేరు.

ఇంకొకటి: అమ్మకు కాళ్లు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని ఎమర్జెన్సీ కిటికీ పక్క సీటు కొనకండి. ఎయిర్ హోస్టెస్ వచ్చి, ఆమెకు ఇంగ్లీషు గానీ హిందీ గానీ రావడం లేదని గమనించి వేరే సీటుకు మారమంటే వాదన పెట్టుకోవద్దు. ఎయిర్‌బస్ 320 రెక్క మీది ఆ కిటికీ తలుపును చెప్పగానే ఊడదీసి బయటికి విసరాలి, బరువు సుమారు 15 కిలోలు.